అడుగు కనిపించిన రోజు

నా చిన్నప్పుడు మాకు తేటనీళ్ళంటే కుండలోనే ఉండేవి. బయట ఎక్కడ చూసినా బురదనీళ్ళే. ఆకివీడు దాటి కొల్లేరు వైపు లోపలికి వెళితే ఉప్పుటేరుకు దగ్గరగా మా ఊరు. గోదావరి కాలవకి చిట్టచివరి ఊరు. పైనున్న ఊళ్ళన్నీ తాగి, చేలు తడుపుకుని, గేదెల్ని కడుక్కుని వదిలిపెట్టగా మిగిలిన నీళ్ళు మా దాకా వచ్చేవి. శివారు ఊరికి పిల్లనివ్వకూడదని మా నాయనమ్మ వచ్చినవాళ్ళందరికీ చెబుతుండేది. ఆవిడ ఆ ఊరికే కోడలై వచ్చి అక్కడే ముసలిదైంది. అలాంటి చోట పెరిగినదాన్ని, అడుగు కనిపించేంత తేటనీళ్ళు చూస్తే సంబరపడకుండా ఎలా ఉంటాను? వాటిని చూసి భయపడాలని ఆ వేసవిదాకా నాకెవరూ చెప్పలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మా చుట్టూ వరిచేలు ఒక్కొక్కటే చేపల చెరువులైపోతున్నాయి. ఒక పొలంలో పొక్లెయిన్ దిగిందంటే నాలుగు రోజుల్లో చేను గొయ్యి అయ్యేది, గట్లు తాటిచెట్టంత లేచేవి. ఒకసారి తవ్వాక అది మళ్ళీ చేను కావడం మేమెవరం చూడలేదు. మా నాన్నది సొంత భూమి కాదు, కౌలు చేను. ఆసామి ఏలూరులో ఉండేవాడు. ఆ ఏడు ఎండాకాలంలో వచ్చి, మా అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, చాలా మెత్తగా ఒక మాట చెప్పి వెళ్ళాడు. "చూడవయ్యా, ఈ సార్వాకి ఊడ్చినంత మేర నీ చేతికిందే ఉంచుతాను. బీడు మిగిలినంత మేర చెరువు తవ్వించేస్తాను. నన్నేమీ అనుకోకు." నాన్న ఏమీ అనుకోలేదు. అనుకున్నా పైకి అనే మనిషి కాదు. ఆ రోజునుంచి మాత్రం ఆయన అన్నం సగంలోనే లేచిపోవడం మొదలుపెట్టాడు.

సార్వా అంటే వానాకాలపు వరి. అది ఊడవాలంటే, నాట్లు వెయ్యాలంటే, నారు కావాలి. నారు పోసే మడిని మా వైపు ఆకుమడి అంటారు. నాన్న మడిని దమ్ము చేసి, నడుమ ఒక చిన్న గట్టు వేసి, దాన్ని రెండు ముక్కలుగా చేశాడు. గుంటలో దాచుకున్న కాస్త నీళ్ళతో విత్తనం చల్లాడు. మొలకలు వేలెడు లేచాయి. రోహిణి కార్తె వెళ్ళింది, మృగశిర వచ్చింది. కాలవకి నీళ్ళు మాత్రం వదల్లేదు. గోదావరిలోనే నీళ్ళు లేవని ఒకరు, రేపే వదులుతారని ఒకరు. గుంట ఎండిపోయింది. ఆకుమడిలో నెర్రెలు మొదలయ్యాయి. మా పక్క చేలో అప్పటికే పొక్లెయిన్ దిగింది. పొద్దున్న లేస్తే దాని మోతే, పడుకోబోయేదాకా దాని మోతే. అది మా చేను కోసం వేచి కూర్చుందని నాకు అనిపించేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మ చెల్లెలు, మా పిన్ని, సెలవులకి మా ఇంటికొచ్చింది. ఏలూరులో డిగ్రీ చదువుతుండేది, కెమిస్ట్రీ. సన్నగా, పొడుగ్గా ఉండి, నవ్వితే ఇల్లంతా వినిపించేది. చదువుకున్న పిల్ల అని మా నాయనమ్మకి ఆవిడంటే కొంచెం గౌరవం. పెళ్ళి కాని పిల్ల అని కొంచెం చులకన. ఆ రెండూ కలిపి ఆవిడతో పొద్దస్తమానం పోట్లాడేది.

ఒకరోజు నాయనమ్మ నీళ్ళబిందెలో పటిక తిప్పుతోంది. నేను పక్కన కూర్చుని, పటిక బురదని తినేస్తుందని పిన్నికి చెప్పాను. పిన్ని నవ్వి, తినడం కాదు చూపిస్తానంటూ మూడు గాజు గ్లాసులు తెచ్చి, గేదెలు పడుకునే మడుగులోని బురదనీళ్ళు వాటిలో పోసింది. ఒక దానిలో ఏమీ వెయ్యలేదు. ఒక దానిలో పటిక తిప్పింది. మూడో దానిలో రాళ్ళుప్పు చిటికెడు వేసింది. కిటికీలో వరసగా పెట్టి, పొద్దున్నదాకా ముట్టుకోవద్దంది. పొద్దున్న లేచి చూస్తే పటిక వేసిన గ్లాసు తేరింది. అది తేరుతుందని నాకు తెలుసు. కానీ ఉప్పు వేసిన గ్లాసూ తేరింది. మట్టంతా అడుగున మెత్తగా పేరుకుంది. ఏమీ వెయ్యని గ్లాసు మాత్రం రాత్రి ఎలా ఉందో అలాగే, పాలు కలిపిన టీలా ఉంది.

ఎందుకని అడిగితే పిన్ని నాకు అర్థమయ్యేలా చెప్పింది. నీళ్ళలోని మట్టి కంటికి కనిపించనంత సన్నటి రేణువులు. ప్రతి రేణువు పైనా కరెంటు లాంటిది కాస్త ఉంటుంది, అన్నిటిపైనా ఒకే రకం. ఒకే రకమైనవి ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు, నెట్టేసుకుంటాయి. అందుకని ఏ రేణువుకా రేణువు విడిగా తేలుతూ ఉంటుంది. విడిగా ఉన్నంతసేపూ మునిగేంత బరువు దానికి లేదు. నీళ్ళలో ఉప్పు కరిగితే ఆ నెట్టుకోవడం తగ్గిపోతుంది. అప్పుడవి ఒకదానికొకటి అంటుకుని, ముద్దలై, బరువెక్కి కిందికి దిగిపోతాయి. "తోడికోడళ్ళ లాగా అన్నమాట. వేరువేరుగా ఉన్నంతకాలం ఎవరూ మునగరు," అంది పిన్ని, నాయనమ్మ వైపు ఓరగా చూసి. "మా తోడికోడళ్ళ సంగతి నీకెందుకమ్మాయ్, ముందు నువ్వొక ఇంటి కోడలివవ్వు," అంది నాయనమ్మ. అందరం నవ్వాం. ఆ నవ్వులోనే పిన్ని ఉప్పు గ్లాసు నాకిచ్చి పైన కొంచెం రుచి చూడమంది. ఉప్పగా ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. "నాలుకకి తెలియనంత ఉప్పు కూడా మట్టికి తెలుస్తుందే," అంది. నేను ఆ మాట ఆ క్షణమే మర్చిపోయాను. గ్లాసులు మాత్రం కిటికీలోనే ఉండిపోయాయి.

ఆ తర్వాత మూడు నాలుగు రోజులకి నాన్న ఇక ఆగలేకపోయాడు. మా చేను వెనక ఒక డ్రైను ఉండేది. చేలల్లో మిగిలిన నీళ్ళు దానిలో పడి ఉప్పుటేటిలో కలిసేవి. ఉప్పుటేరు నీళ్ళు వేసవిలో సముద్రం పోటు వచ్చినప్పుడు ఉప్పెక్కుతాయని మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఆ నీళ్ళు ఎవరూ చేలకి పెట్టరు. డ్రైను సంగతి వేరు. అది మురుగే కానీ మంచినీటి మురుగు, సముద్రం దానిదాకా రాదని అందరి నమ్మకం. నాన్న ముందురోజే డీజిల్ ఇంజను గట్టు మీదకి చేర్చాడు. తోడేకొద్దీ నీళ్ళు తగ్గుతాయి కాబట్టి గొట్టం గాలి పీల్చకుండా డ్రైను అడుగున ఒక గొయ్యి తీసి, గొట్టం మూతిని దానిలో దించాడు. పొద్దున్నే ఇంజను మొదలుపెట్టాలని అనుకున్నాడు. నేనూ చద్దన్నం క్యారేజీ పట్టుకుని ఆయన వెంట వెళ్ళాను.

డ్రైను మీద తాటిదుంగ వంతెన ఉండేది. దాని మీదకి వెళ్ళి కిందికి చూసి అక్కడే నిలబడిపోయాను. అడుగు కనిపిస్తోంది. గేదెలు దిగి కలిపేసే ఆ డ్రైనులో, చెయ్యి పెడితే మోచెయ్యి కనిపించని ఆ నీళ్ళలో, అడుగునున్న నత్తలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. తెగిన చెప్పు కనిపించింది. సగం పూడుకుపోయిన చెంబు కనిపించింది. నేను అరిచిన అరుపుకి నాన్న పరిగెత్తుకొచ్చాడు. అది మా నాయనమ్మ ఇత్తడి చెంబు. పుట్టింటినుంచి తెచ్చుకున్నది, మెడ దగ్గర సొట్ట ఉన్నది. నేను పుట్టకముందు ఎప్పుడో అక్కడ జారిపోయిందట. దాని గురించి ఆవిడ ఏడవని పండగ లేదు.

చాలా రోజుల తర్వాత నాన్న నవ్వడం చూశాను. నడుంలోతు నీళ్ళలో దిగి, వంగి, చెంబు పైకి తీశాడు. లోపలున్న బురదా నీళ్ళూ పారబోసి, రెండుమూడు సార్లు తొలిచి కడిగి, అదే చెంబుతో పైనుంచి నీళ్ళు ముంచి నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించి ఊశాడు. మళ్ళీ కొంచెం పోసుకుని మింగాడు. "తియ్యగానే ఉన్నాయి," అన్నాడు, నాతో కాదు, తనకి తానే. చెంబు నా చేతికిచ్చి, నాయనమ్మకి ఇచ్చి రమ్మన్నాడు. నేను గట్టు దిగేలోపే వెనక ఇంజను అందుకుంది. ఆ పొద్దున అంత చల్లగా ఉండి కూడా గాలి లేదు. కొంగలు లేవు. డ్రైను మీద ఎప్పుడూ ఎగిరే చిన్న చేపలు కూడా లేవు. ఇప్పుడు తల్చుకుంటే ఇవన్నీ గుర్తొస్తాయి. అప్పుడు నాకు చెంబు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

నాయనమ్మ చెంబుని కళ్ళకద్దుకుంది. చింతపండు పెట్టి తోమింది. పోయిన సొత్తు తనంతట తాను ఇంటికొచ్చింది, ఇంతకంటే మంచి శకునం ఏం కావాలి, ఇక చేనుకి ఢోకా లేదు అంది. అమ్మ కూడా చాలా రోజులకి తెరిపిన పడ్డట్టు కనిపించింది. పిన్ని తల దువ్వుకుంటూ వచ్చి, ఇన్నాళ్ళూ దొరకని చెంబు ఇప్పుడెలా దొరికిందని అడిగింది. నీళ్ళు తేటగా ఉన్నాయి పిన్నీ, అడుగంతా కనిపిస్తోంది అన్నాను.

పిన్ని చేతిలో దువ్వెన ఆగిపోయింది. కిటికీ వైపు చూసింది. నేనూ చూశాను. మూడు గ్లాసుల్లో ఉప్పు వేసిన గ్లాసు అలాగే తేటగా ఉంది. దూరంనుంచి ఇంజను మోత వినిపిస్తోంది. "బావగారు ఆ నీళ్ళే పెడుతున్నారా?" అని మాత్రం అడిగి, నా జవాబు వినకుండానే, నాయనమ్మ చేతిలోని చెంబు లాక్కుని పరిగెత్తింది. చెప్పులు వేసుకోలేదు, జడ వేసుకోలేదు. నాయనమ్మ వెనకనుంచి తిడుతూనే ఉంది. నేను పిన్ని వెనక పరిగెత్తాను. గట్ల మీద పరిగెడుతున్నంతసేపూ ఇంజను ఆగుతుందేమోనని చెవులు రిక్కించి విన్నాను. అది ఆగలేదు.

మేము వెళ్ళేసరికి ఆకుమడి మొదటి ముక్క నిండింది. నెర్రెలు మూసుకుపోయి, మొలకలు తలలెత్తి, చూడ్డానికి ముచ్చటగా ఉంది. నాన్న నడిమిగట్టు తెంచి రెండో ముక్కలోకి నీళ్ళు వదలబోతున్నాడు. పార చేతిలోనే ఉంది. పిన్ని రొప్పుతూ ఇంజను కట్టెయ్యమంది. నాన్న విననట్టే నిలబడ్డాడు. ఆయన కోప్పడలేదు. ఆయనకి కోపం కంటే అలసట ఎక్కువ.

"రుచి చూశానమ్మా. తియ్యగా ఉన్నాయి," అన్నాడు.

"పైన చూశారండీ బావగారూ. మీ ఇంజను పైన తాగట్లేదు కదండీ," అంది పిన్ని. "ఉప్పునీళ్ళు బరువండీ. అడుగునుంచి పాకుతూ వస్తాయి. ఒక్కసారి ఆ గొయ్యిలోంచి ఒక చెంబు తీసి చూడండి. బాగుంటే నన్ను నాలుగు తిట్టి పంపించెయ్యండి."

నాన్న చాలాసేపు ఆవిడ ముఖం చూశాడు. పార గట్టు మీద గుచ్చి, చెంబు తీసుకుని డ్రైనులో దిగాడు. చెంబు మూతిని అరచేత్తో మూసి, గొట్టం వెంట తడుముకుంటూ వంగాడు. భుజం మునిగింది, మెడ మునిగింది, తల కూడా మునిగింది. పైన నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే ఆయన వీపు మీద చొక్కా ఉబ్బడం, అడుగున చెయ్యి తెరుచుకోవడం, మళ్ళీ మూసుకోవడం అన్నీ నాకు కనిపించాయి. పైకి లేచి, అరచెయ్యి తీసి, ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు.

ఊయలేదు. మింగాడు. అంత చేదు వార్త ఉమ్మేస్తే పోదని తెలిసిన మనిషిలా మింగి, నెమ్మదిగా గట్టెక్కి, ఇంజను ఆపేశాడు. పక్క చేలోని పొక్లెయిన్ మోత ఒక్కటే మిగిలింది.

ఇద్దరూ కలిసి మొదటి ముక్క గట్టు తెంచి, పెట్టిన నీళ్ళని మళ్ళీ డ్రైనులోకి వదిలేశారు. రెండో ముక్క ఎండుతూనే ఉండిపోయింది. దానికి పెట్టడానికి వేరే నీళ్ళు లేవు.

ఆ తర్వాతి రోజులు తల్చుకోవడం ఇప్పటికీ నాకు ఇష్టం ఉండదు. ఎందుకంటే నీళ్ళు తాగిన ముక్క పచ్చగా నిగనిగలాడింది. తాగని ముక్క పసుపెక్కి, ఆకులు దారాల్లా చుట్టుకుపోయింది. దారినపోయేవాళ్ళు ఆగి చూసి, అంత మంచి నీళ్ళని ఎవరైనా వదిలేసుకుంటారా, ఆడపిల్ల మాట విని ఆకుమడి ఎండగట్టుకున్నాడు అని అనేవారు. మర్యాదగా, అండీ గారూ తగిలించి అనేవారు. నాయనమ్మ చెంబు వైపు చూపించి, శకునాన్ని కాలదన్నారని గొణిగేది. నాన్న పిన్నిని పల్లెత్తు మాట అనలేదు. కానీ రోజూ పొద్దున్న వెళ్ళి ఆ రెండు ముక్కల నడిమిగట్టు మీద నిలబడి ఇటూ అటూ చూసేవాడు. పిన్ని నవ్వడం మానేసింది. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, "నేను తప్పు చెప్పానేమోనే," అంది. ఆవిడకీ నమ్మకం సడలిందని ఆ మాటతో నాకు తెలిసింది. పెద్దవాళ్ళకి కూడా అలా అవుతుందని నాకు తెలిసింది అప్పుడే. కాలేజీ తెరిచారని ఆవిడ ఏలూరు వెళ్ళిపోయింది.

పిన్ని వెళ్ళిన మర్నాడో మూడోనాడో, పచ్చగా ఉన్న ముక్కలో ఆకుల కొనలు మాడడం మొదలైంది. మొదట గట్టువార. తర్వాత దీపానికి చూపించినట్టు మడంతా. ఆరిన మట్టి మీద తెల్లటి పొర తేలింది. నాన్న దాన్ని వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం అన్నం అసలే తినలేదు. ఇంకో ముక్క ఎలాగూ ఎండిపోతోంది. ఆసామి మనిషి ఒకడు సైకిలు మీద వచ్చి, దిగకుండానే చూసుకుని వెళ్ళాడు.

ఆ వారంలోనే కాలవకి నీళ్ళొచ్చాయి. ఎర్రటి నీళ్ళు, గోదావరి ఒండ్రు కలిసిన చిక్కటి నీళ్ళు, చెత్తా నురగా మోసుకుంటూ వచ్చాయి. వేలు ముంచితే వేలు కనిపించడం లేదు. నాన్న కాలవలో మోకాలిదాకా దిగి, రెండు చేతులతో ఆ బురదనీళ్ళు ఎత్తి ముఖానికి రాసుకున్నాడు. ఆయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. తర్వాత కూడా చూడలేదు.

ఎండిన ముక్క ఆ నీళ్ళు తాగి లేచింది. చచ్చిపోయిందనుకున్నది వేరులో బతికే ఉంది. పచ్చగా ఉన్న ముక్క లేవలేదు. ఒక ముక్క నారుతో సగం చేనే ఊడవగలిగాం. చుట్టుపక్కల ఎవరి దగ్గరా అమ్మేంత నారు లేదు. ఆసామి మాట తప్పే మనిషి కాదు. ఊడ్చినంత మేర మాకు వదిలాడు. మిగతా సగంలో పంటకోతలు కాగానే పొక్లెయిన్ దిగింది. ఆ రోజు నాన్న గట్టు మీదే కూర్చుని సాయంత్రందాకా చూశాడు. ఆ ఏడు కొత్తబియ్యం మా ఇంట్లో ఎసట్లో పడకముందే, మూట కట్టుకుని తానే ఏలూరు వెళ్ళి పిన్నికిచ్చి వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

ఇప్పుడు నేను తాడేపల్లిగూడెంలో ఉంటాను. ఇంట్లో పిల్లలందరికీ పెద్దత్తని, అందరూ జడుసుకునే అత్తని. తియ్యగా మాట్లాడేవాళ్ళని చూసి పిల్లలు మురిసిపోతే నాకు మనసు ఒప్పదు. ఎవరిదైనా వ్యవహారం మరీ తేటగా కనిపిస్తే, ఇది ఇంత తేరడానికి ఏం కలిసింది అని ముందు అడుగుతాను. మీ అత్తకి అనుమానం జబ్బని మా ఆయన ఆటపట్టిస్తారు. కావచ్చు. కానీ మా చేను సగం ఇప్పటికీ వరిచేనే. చెరువైపోయిన మిగతా సగం మీద నీళ్ళు చిలికే ఏరేటర్లు తిరుగుతుంటాయి.

నాయనమ్మ పోయాక ఆ సొట్ట చెంబు నాకిచ్చారు. ఎండాకాలం చివర్లో, కాలవ నీళ్ళు ఆలస్యమై ఆకుమడికి డ్రైను నీళ్ళే దిక్కైన ఏళ్ళలో, నేను ఊరు వెళ్ళేటప్పుడు దాన్ని సంచిలో వేసుకుని వెళతాను. నాన్న ముసలివాడైపోయాడు, వంగలేడు. ఇంజను పక్కన నిలబడతాడు. నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని డ్రైనులో దిగి, చెంబు మూతిని అరచేత్తో మూసి అడుగుదాకా దించుతాను. పైకి తెచ్చి ఒక గుక్క తాగుతాను. అంతవరకూ నాన్న ఇంజను మీద చెయ్యి వెయ్యడు. నీళ్ళ వైపు చూడడు. నా ముఖం వైపే చూస్తూ ఉంటాడు.